రెండో మోకాలు

మా మేనల్లుడు పోయేనాటికి వాడి జీన్స్ ప్యాంటులో ఒక కాలే పాతబడింది. రెండో కాలు కొత్తగానే ఉండిపోయింది.

దుకాణంలో వెలిసిపోయినట్టుండే ప్యాంట్లు దొరక్క కాదు. అవి అందరి మీదా ఒకేలా ఉంటాయనీ, అరుగుదల ఎవరిది వాళ్ళకుండాలనీ వాడి వాదం. అందుకని ముదురు నీలం రంగుది కొని, తాకేటా పేటలో వాళ్ళింటి అరుగు మీద కూర్చుని తనే పాతబడేలా చేసేవాడు. ముందు ప్యాంటు తొడుక్కుని కూర్చోవడం. మోకాలు ఎక్కడ పొడుచుకొచ్చిందో, తొడ దగ్గర ముడతలు ఎక్కడ పడ్డాయో సుద్దముక్కతో గీసుకోవడం. విప్పి, కాలులోకి ఒక చెక్క దూర్చి, గీసిన చోటల్లా ఉప్పుకాగితంతో రుద్దడం. మోచేతుల దాకా నీలం పొడి.

ఒక ఆదివారం నేను వెళ్ళేసరికి ఇదే పనిలో ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. మా తాతలు సముద్రం దాటి వచ్చి ఈ ఊరి రేవులో బస్తాలు మోసినవాళ్ళు. వాళ్ళ బట్టలు పనిలో చిరిగాయి. ఆ చిరుగులు నలుగురికీ కనపడకుండా దాచుకోవడానికి వాళ్ళు పడ్డ అవస్థ మా నాన్న చెప్పగా విన్నాను. శ్రమ లేకుండా శ్రమ గుర్తులు మాత్రం కావాలా అని అడిగాను. మూఢనమ్మకాల మీద సభల్లో మాట్లాడినట్టే మాట్లాడాను, అడ్డు చెప్పేవాళ్ళు లేకపోతే నాకు ఆగడం రాదు. వాడు రుద్దడం ఆపకుండా అంతా విన్నాడు.

"మావయ్యా, నువ్వు పాత నమ్మకాలు అరగదీత్తావు, నాను కొత్త ప్యాంటు అరగదీత్తన్నాను. ఇద్దరిదీ ఒకటే పని. కాపోతే నాది తొందరగా అవుద్ది."

నాకు నవ్వొచ్చింది. ఆరోజుకి ఓడిపోయాను.

ఒక కాలు పూర్తయింది. రెండో కాలికి సుద్దగీతలు కూడా పెట్టుకున్నాడు. ఇంతలో వానాకాలపు జ్వరం. దోమకాటు జ్వరమే, తగ్గిపోతుందిలే అనుకున్నాం. ఆసుపత్రిలో చేర్చేసరికి ఆలస్యమైపోయింది.

దహనం అయ్యాక, ఆనవాయితీ ప్రకారం ఇంట్లో ఉన్న గుడ్డలన్నీ పసుపునీళ్ళలో తడిపి ఉతికేశారు. వాటితోపాటు ఆ ప్యాంటునీ ఉతికారు. సుద్దగీతలు పోయాయి. ఆ గొడవలో ఎవరూ చూసుకోలేదు.

పదోరోజున వాడి బట్టలు ఎవరికైనా ఇచ్చెయ్యాలి. దానికి రెండు రోజుల ముందు, ప్యాంటు చేతిలోకి తీసుకుని మా పెద్దమ్మ ఒక మాట అంది. మధ్యలో వదిలేసిన పని మీద పోయినవాడి మనసు ఉండిపోతుందట. పూర్తి చేసి ఇస్తేనే వాడికి విడుదలట. నేను ఊరుకోలేదు. మనసు ఉండేది మెదడులో, ఆ మెదడు కాలిపోయింది, కాలిపోయినదానికి ప్యాంటు మీద బెంగ ఎక్కడిది అన్నాను. పెద్దమ్మ ప్యాంటు మడతపెట్టి పక్కన పెట్టింది. నా వాదన అంత సులువుగా ఎప్పుడూ నెగ్గలేదు. ఆ ఇంట్లో దాంతో ఎవరికీ పని లేకపోయింది. వాడి తల్లి, నా చెల్లెలు, ప్యాంటు తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం నన్ను వెనకగదిలోకి పిలిచింది. నేల మీద ప్యాంటు, చెక్క, ఉప్పుకాగితం. రుద్దిన కాలిని రుద్దని కాలి మీద పరిచి కొలత తీసుకోవాలని చూసిందట. కుదరలేదు. వాడు కూర్చునేటప్పుడు ఒక కాలు మడిచి, రెండోది పైకి పెట్టేవాడు. రెండు మోకాళ్ళూ ఒక్కచోట అరిగే మనిషి కాదు. ఎవరైనా తొడుక్కుని కూర్చుంటే తప్ప ఆ చోటు తెలియదు. పదోరోజు కాకుండా పోయినవాడి బట్ట ఒంటిమీద వేసుకోవడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం లేదు. వాడి తండ్రి, మా బావ, అసలా గది గడప తొక్కడం లేదు.

"అన్నియ్యా, నీకియ్యేటీ పట్టవు గదా. ఓపాలి ఏసుకో."

నాకు ఏ కీడూ జరగదని నీకెలా తెలుసు, నువ్వు నమ్ముతావు కదా అన్నాను. అలాంటప్పుడు కూడా తర్కమే నోట్లోకొచ్చింది.

"నమ్మినోల్లు ఏసుకోరు. నాకు నువ్వొక్కడివే ఉన్నావు."

పుట్టి బుద్ధెరిగాక నేను ఇక్కడి లుంగీ, లోంజీ తప్ప కట్టలేదు. ఆ ప్యాంటులోకి దూరడానికి గోడ పట్టుకోవలసి వచ్చింది. నడుం దగ్గర బొత్తాం పట్టలేదు. కింద మాత్రం గుడ్డ పాదాల మీద కుప్పపడింది. వాడూ నేనూ ఒకే ఎత్తు అనుకునేవాణ్ణి. నన్ను దాటి ఎప్పుడు ఎదిగాడో.

వాడిలాగే కూర్చున్నాను. చెల్లెలు సుద్దముక్క తీసుకుని నా మోకాలి మీద చెయ్యి పెట్టింది. ఒత్తి చూసింది. తర్వాత ఆ చెయ్యి కిందికి జరిగింది.

"ఆడిది ఇక్కడికి రాదు. ఇంకా కిందికుంటాది."

నా మోకాలిని వదిలేసి, వాడి మోకాలు ఉండే చోట సున్నా చుట్టింది. నా మోకాలు లేని చోట, ఉత్త గుడ్డ మీద. తర్వాత లేచి గుమ్మం దాకా నడవమంది. చేతుల్తో నడుం పట్టుకుని నడిచాను. సరిపోయిందా అని అడగబోయి తల తిప్పాను. ఆమె నా ముఖం చూడటం లేదు. నడుం నుంచి కిందికే చూస్తోంది.

"ఎనక్కి తిరక్కు."

గుమ్మం వైపు తిరిగి నిలబడిపోయాను. ఆత్మ లేదని నిరూపించడానికి నాకు పది దారులు తెలుసు. వాటిలో ఒక్కటీ వెనక్కి తిరగడానికి సరిపోయేది కాదు. నేను తిరిగితే అక్కడ ఉండేది తెల్లజుట్టు ముసలాడు. తిరగనంతసేపూ ఆమెకి ఇంకేదో ఉంది. ఊపిరి కూడా మెల్లగా తీసుకున్నాను. వెనక ఏడుపు వినిపించలేదు.

"సాలు. ఇప్పెయ్ అన్నియ్యా" అనడానికి చాలాసేపు పట్టింది.

నన్ను రుద్దనివ్వలేదు. తనే చెక్క దూర్చి, ఆ సున్నా పోయేదాకా, నీలం తెల్లబడేదాకా రుద్దింది. పదోరోజున మిగతా బట్టల్తోపాటు ఏటి అవతల దలా నుంచి వచ్చిన ఒక కుటుంబానికి తన చేత్తోనే ఇచ్చింది. వాడి మనసు ఇంక కుదుటపడిందని పెద్దమ్మ నలుగురిలో అంది. అందరూ నా వైపు చూశారు.

నేనేమీ అనలేదు.