బిరుదులతో మొదలైన అర్జీ

నానక్‌రాంగూడలో మా పక్కింటి అర్జీల పంతులు మొన్న మంగళవారం పొద్దున పోయాడు. నేను తెల్లాపూర్‌లో పురాణం చెప్పి, పుస్తకం చంకన పెట్టుకుని వస్తుంటే దారిలో తెలిసింది.

ఉర్దూ రాని వాళ్ళందరికీ కచ్చేరీ అర్జీలు ఆయనే రాసేవాడు. రాశాక తెలుగులో వినిపించి, "గిది నీ మాటేనా?" అని అడిగేవాడు. అవునంటేనే వేలిముద్ర.

నిరుడు మా తమ్ముడు, ప్రజలు ఎన్నుకున్న సర్కారు కావాలని ఊరేగింపులో నడిచి, మరో ఇద్దరితో జైల్లో పడ్డాడు. ముగ్గురికీ ఉరి అన్నారు. అప్పటికి మద్రాసు మనకు పరాయి రాజ్యం. అక్కడి శాసనసభ్యులు కొందరు వీళ్ళ ప్రాణాలు తీయవద్దని మన సర్కారుకు ఉత్తరం రాసి, సంతకాలు చేసి, మా ఇంటికి మనిషితో పంపారు. కచ్చేరీ గుమాస్తా దాన్ని ముట్టలేదు. ఉర్దూలో ఉండాలన్నాడు, పైన ఏలినవారి బిరుదులు ఉండాలన్నాడు.

పంతులు కలం అందుకుని, పైన బిరుదులు రాయడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్ళు మండింది.

"దేవుడొక్కడే ప్రభువని రోజూ చెప్పే నోరు నాది. నా తమ్ముని కోసం మనిషిని గట్ల పొగుడుతరా, పంతులూ?"

"స్వామీ, నువ్వు దేవునికి వెయ్యి పేర్లు చదువుతవ్. నేను ఈయనకు పది రాస్తే నీ దేవుడు అలుగుతడా?"

"సంతకం పెట్టినోళ్ళు ఆ మాటలు రాయలే గదా."

"పైవరుస నాది. దాని కింద గీత గీసి, ఆ కింద వాళ్ళ మాట రాస్తున్న. ఒక్క ముక్క మార్చలే. చదివేటోనికి కోపమొస్తే జైల్ల ఉన్నోని మెడకు చుట్టుకుంటది. జర ఊకో."

గుమాస్తా తీసుకున్నాడు. ఉరి ఆగింది. ఆ ఉత్తరమే ఆపిందని నేను ప్రమాణం చేయలేను.

ఏలినవారి రాజ్యం పోయాక, పంతులు ఆ అర్జీకి రాసుకున్న చిత్తు కాగితమొకటి ఊళ్ళో బయటపడింది. అందులో ఉన్నది పైవరుస మటుకే. "బిరుదుల పంతులు" అని నవ్వారు. అర్జీలకు రావడం మానేశారు. ఆ వారమే నేను, ముఖస్తుతి మహాపాపమని గొంతు చించుకుని పురాణం చెప్పాను. ఆయన ముందు వరుసలో కూర్చుని విన్నాడు. ఆ బిరుదులు ఎవరి ప్రాణం కోసమో నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. లేచి పోతూ, "గొంతు పదిలం, స్వామీ" అన్నాడు.

ఇప్పుడు చెబుతున్నాను. మా తమ్ముడి ప్రాణం కోసం.

పాడె మోయడానికి నలుగురు కుదరడమే కష్టమైంది. జైలు నుంచి వచ్చి నెల కాని తమ్ముడు ముందు భుజం పట్టాడు, నేను వెనక. రాళ్ళ దారిలో వాడు చెప్పుల్లేకుండా నడుస్తుంటే, బేడీలు ఒరిసిన నల్లటి మచ్చలు చీలమండల మీద దారి పొడుగునా నా కళ్ళ ముందు కదులుతూనే ఉన్నాయి.