శుక్రవారం దాటిన ప్రీమియం

2023 వేసవి. ఆత్మకూరు బస్టాండుకు దగ్గర్లో ఒక చిన్న ప్రైవేటు ఆసుపత్రి. అందులో మేకపిల్ల కూడా పట్టనంత చిన్న గూట్లో నా ఇన్సూరెన్స్ డెస్కు. పైన ఫ్యాను గాలి తక్కువ, గోల ఎక్కువ. ఆ గోల కలిగిరి దాకా వినబడుతుందని నా అనుమానం.

నా పని చెప్పుకోడానికి చిన్నదే. రోగి చేరగానే కంపెనీకి ప్రీ-ఆథ్ పంపాలి. అంటే, ఈ ఖర్చు మీరు భరిస్తారా అని ముందుగా అడగడం. వాళ్లు సరేనంటే క్యాష్‌లెస్. రోగి చేతి నుంచి పెద్దగా పడేదేమీ ఉండదు.

ఆ శుక్రవారం పొద్దున ఉదయగిరి కిరాణా హోల్‌సేల్ వ్యాపారి రమణయ్య శెట్టి, భార్య కామాక్షమ్మను కారులో తీసుకొచ్చినాడు. శెట్టి ఎంత గట్టివాడంటే, నవ్వాలన్నా ముందు రేటు కనుక్కునే రకం. ఆ రోజు మాత్రం చొక్కా గుండీలు ఎగుడుదిగుడుగా పెట్టుకుని వచ్చినాడు.

స్కానింగ్ చూసిన డాక్టరు, "అపెండిక్స్ పగిలేటట్టు ఉంది. మధ్యాహ్నంలోపు ఆపరేషన్ జరగాలి" అన్నారు.

ప్రీ-ఆథ్ పంపినాను. పాలసీ రద్దయిందని జవాబు.

"ఎట్ట రద్దవుతుందన్నా? ప్రీమియం కట్టినాను గదా" అన్నాడు శెట్టి.

"ఎప్పుడు కట్టినావు?"

"పోయిన నెల గ్రేస్ పీరియడ్ శుక్రవారంతో అయిపోయింది. శనివారం పొద్దున్నే కట్టేసినా."

గ్రేస్ పీరియడ్ అంటే గడువు దాటినాక కంపెనీ దయతలచి ఇచ్చే అదనపు రోజులు. అవీ దాటితే దయ ఉండదు.

"శుక్రవారమే కట్టలేకపోయినావా?"

"శుక్రవారం మా ఇంట్లో డబ్బు గడప దాటనియ్యదన్నా ఆమె. ఒక్క రోజే గదా అనుకున్నా."

ఆ డబ్బును కంపెనీ వారం తర్వాత వెనక్కి పంపింది. కందిపప్పు డబ్బులు, మిరపకాయల డబ్బులు పడిన మెసేజీలు శెట్టి ఫోన్లో వానలా కురుస్తుంటాయి. ఇదీ ఎవరో బాకీ తీర్చిందే అనుకుని ఊరుకున్నాడు.

ఇప్పుడు ఆసుపత్రివాళ్లు అడ్వాన్సు కట్టమన్నారు. లోపల కామాక్షమ్మ, ఇన్సూరెన్స్ సంగతి తేలందే ఆపరేషన్‌కు సంతకం పెట్టనని కూర్చుంది. థియేటర్ సిద్ధమైందని నర్సు వచ్చి చెప్పిపోయింది.

శెట్టి నా చెయ్యి పట్టుకున్నాడు. "ఈరోజూ శుక్రవారమే. డబ్బు కడతన్నామని తెలిస్తే మంచం దిగి నడిచిపోతాది. పాలసీ పోయింది తన నియమం వల్లేనని తెలిస్తే ఇంకేమైనా ఉండాదా? ఇన్సూరెన్స్ వచ్చేసిందని నువ్వే చెప్పన్నా."

డెస్కు నుంచి ఆమె మంచం దాకా నడవడం ఉదయగిరి కోట ఎక్కినంత పనైంది. శెట్టి నా వెనకే వచ్చినాడు.

"అన్నా, ఇన్సూరెన్స్ వచ్చిందా?" పళ్లు బిగబట్టి అడిగింది. దుప్పటి అంచు ఆమె పిడికిట్లో నలిగిపోతోంది.

నా నోటికి అబద్ధాల కరువు ఏనాడూ లేదు. ఆ పూట మాత్రం సగం అబద్ధమే బయటికొచ్చింది. "వస్తా ఉండాదమ్మా" అన్నాను.

ఆమె నన్ను వదిలి మొగుడి గుండీల వైపు చూసింది. "రాలేదు. ఏమైందో చెప్పయ్యా."

శెట్టి నేల చూపులు చూస్తూ అంతా చెప్పినాడు.

"శుక్రవారమని ఆపినావా?"

"నీ నియమమే గదే."

"నా నియమం ఇంట్లో బీరువాకి. అంగడికి ఎవురు పెట్టినారు? శుక్రవారం లారీవాడు సరుకు దించితే గల్లాపెట్టెలోంచి తీసి ఇయ్యడంలా నువ్వు?"

"అది వ్యాపారం."

"నా ప్రాణం ఏంది మరి?"

 ఆమెకు నొప్పి మళ్లీ మెలిపెట్టింది. అది తగ్గేదాకా ఆగి, గొంతు తగ్గించి అంది: "నన్నొక మాట అడిగి ఉండొచ్చు గదా. డబ్బు అంగట్లోంచి తెప్పించు. సంతకం యాడ పెట్టాలన్నా?"

ఉదయగిరి అంగట్లో గుమాస్తా ఫోన్‌లో డబ్బు కొట్టేలోపే ఆమెను థియేటర్లోకి తీసుకుపోయినారు.  చాలాసేపటికి డాక్టరు వచ్చి, ఇంకాస్త ఆలస్యమైతే లోపలే పగిలేదన్నారు. శెట్టి అప్పుడు గుండీలు విప్పి సరిగ్గా పెట్టుకున్నాడు.

బిల్లు విషయంలో నేను చేయగలిగింది ఒకటే. ఇన్సూరెన్స్ రేటు తీసేసి క్యాష్ ప్యాకేజీలోకి మార్పించినాను. నేరుగా కట్టేవాళ్లకు అన్నీ కలిపి చెప్పే ఆ రేటు కొంచెం తక్కువ. డాక్టరు కూడా తన ఫీజు తగ్గించుకున్నారు. అయినా శెట్టి మిరపకాయల సరుకు కోసం దాచిన డబ్బు దాదాపు ఊడ్చుకుపోయింది.

కంపెనీలు పాలసీలో పెట్టే షరతులు నాకు కంఠతా వచ్చు. ఇళ్లల్లో పెట్టుకునే షరతుల గురించి మాత్రం, అవి పెట్టుకున్న మనిషినే అడగాలని కామాక్షమ్మ నేర్పింది. ఇప్పుడు పాలసీ గురించి ఏ మొగుడొచ్చి అడిగినా, నేను ముందు ఆయన భార్యకు ఫోన్ కలపమంటాను.