తొలి ఆటోకు దురాయి

2023 జూన్. నెల్లూరు తీరంలో మైపాడుకు ఉత్తరంగా, సముద్రపు హోరు తరగతి గదిలోకి వినిపించేంత దగ్గరలో ఉన్న ఒక జాలరి పాలెం. అక్కడి జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలకు నేను హెడ్‌మిస్ట్రెస్‌ని. మనుబోలులో లెక్కల టీచరుగా మొదలుపెట్టి, బదిలీ మీద బదిలీగా ఆ ఒడ్డుకు చేరాను. చేరిన రోజే ఒక సహోద్యోగి, "ఇక్కడి పిల్లలకు చదువు ఎక్కదు మేడం" అన్నాడు. "మీరు పాఠం చెప్పి చూశారా?" అని అడిగాను. ఆ తర్వాత ఆయన నాతో అవసరమైతేనే మాట్లాడేవాడు. బడికి అది మేలే చేసింది.

ఒక బడి బాగుందో లేదో పైవాళ్లు ఎలా తేలుస్తారని నన్ను చాలామంది అడుగుతుంటారు. ప్రధానంగా మూడు కొలతలు. మొదటిది అందరికీ తెలిసిందే, పదో తరగతి పాస్ పర్సెంటేజ్. రెండోది లెర్నింగ్ అవుట్‌కమ్స్, అంటే పిల్లకు నిజంగా చదవడం, లెక్క చేయడం వచ్చిందా అని మధ్యమధ్య పరీక్ష పెట్టి చూడడం. మూడోది ట్రాన్సిషన్ రేట్. పది పాసైన వాళ్లలో ఎంతమంది ఇంటర్‌లోనో, పాలిటెక్నిక్‌లోనో, ఐటీఐలోనో చేరారన్నది. మేం పిల్లల్ని పై చదువుకు సిద్ధం చేశామా లేదా అన్నది ఈ మూడోదాన్ని బట్టే తేలుతుందని పైవాళ్ల నమ్మకం. బడిని బడితో, మండలాన్ని మండలంతో, చివరికి జిల్లాను జిల్లాతో ఈ లెక్కలతోనే పోలుస్తారు.

ఆ ఏడు మా పిల్లలు పదిలో అందరూ పాసయ్యారు. రివ్యూ మీటింగ్‌కు నేను కొత్త చీర కట్టుకుని వెళ్లాను. చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు ఆగకముందే అధికారి గారు మూడో కొలత తీశారు. అంతకుముందు ఏడు మా దగ్గర పాసైన వాళ్లలో కాలేజీ ముఖం చూసినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేటంతమంది. మండలంలో అందరికన్నా అడుగున మేమే.

"ఏదో ఒక కాలేజీలో పేర్లు రాయించండి మేడం. అడ్మిషన్ నంబరు ఉంటే చాలు, ఆన్‌లైన్‌లో ఎక్కిపోతుంది" అన్నారాయన.

"పేరు ఎక్కుతుంది సార్. పిల్ల ఎక్కదు."

"మీతో ఇదే ఇబ్బంది. ప్రతిదానికీ వాదన."

"జీతం పాఠాలకే తీసుకుంటున్నాను సార్. వాదన ఉచితం."

అందరూ నవ్వారు. ఆయన కూడా నవ్వారు, పాపం. కానీ నేను ఆ జూన్‌లో ఇల్లిల్లూ తిరిగాను. సర్టిఫికెట్ల కట్టలు సంచిలో వేసుకుని, నెల్లూరులో కాలేజీల దగ్గర తల్లిదండ్రులతో పాటు వరుసలో నిలబడ్డాను. చాలామందిని నిజంగానే చేర్పించాం. మా ట్రాన్సిషన్ రేట్ ఎగిరి కూర్చుంది. వాట్సాప్ గ్రూపులో అభినందనలు వెల్లువెత్తాయి. నేనూ మురిసిపోయాను, అబద్ధం ఎందుకు?

ఆ మురిపెం జూలై చివరిదాకా నిలిచింది. ఒక మధ్యాహ్నం సుగుణ మా బడి గేటు దగ్గర నిలబడి ఉంది. లెక్కల్లో నాకు దొరికిన మెరికల్లో ఒకతి. పట్నంలో జూనియర్ కాలేజీలో ఎంపీసీలో చేర్పించిన పిల్ల. కాలేజీ ఉన్న రోజు ఇక్కడేం పని?

"మానేస్తా మేడం" అంది, తల ఎత్తకుండా.

"ఎవరన్నా ఏమన్నారా?"

"లేదు మేడం. నేను పొయ్యేలోపలే మొదటి రెండు పీరియడ్లూ అయిపోతుండాయి. మ్యాథ్స్, ఫిజిక్స్ ఆ రెండే. ఇట్టే ఉంటే హాజరు చాలదు, పరీక్షకి కూర్చోనియ్యం అని సార్ చెప్పినాడు. అమ్మేమో, అట్టయితే పోవడం దేనికి, ఇంట్లో ఉండి చేపలు ఎండేసుకో అంటాంది."

హాస్టల్లో సీటు దొరకలేదు. ఆర్టీసీ బస్సు పాలెంలోకి వచ్చేసరికే పొద్దెక్కుతుంది. మరి ఆటో ఏమైంది? అడిగితే పిల్ల చెప్పలేదు. మర్నాడు తెల్లారకముందే నేనే ఆటోలు ఆగే చోటికి వెళ్లాను.

చూశాక అర్థమైంది. పాలెంలో ఆటోలు రెండే. వేట పడవలు ఒడ్డుకు రాగానే ఆడవాళ్లు చేపల తట్టలతో పరుగున వచ్చి రెండు ఆటోలనూ నింపేస్తారు. ఎవరి తట్ట వాళ్ల కాళ్ల దగ్గరే ఉండాలి. ముందు చేరినవాళ్లకే పట్నం బజారులో మంచి చోటు. ఆటోలు వాళ్లను దించి తిరిగొచ్చాకే కాలేజీ పిల్లలకు చోటు. మా పిల్లలు పుస్తకాలు గుండెలకు హత్తుకుని పక్కన నిలబడి చూస్తున్నారు. ముందు ఆటోలో ముందుగా తట్ట పెట్టినామె ఎవరో కాదు, సుగుణ తల్లి మస్తానమ్మ.

"మస్తానమ్మా, నీ కూతురు కింద నిలబడింది, నీ చేపలు కూర్చున్నాయి. బాగుందా?" అన్నాను.

"ఏంది మేడమా, పొద్దున్నే తగువుకొచ్చినావా? చేప ఆగదు. బిడ్డ ఆగతాది. ఎండ పైకొస్తే నా మాగచేపల్ని పిల్లులు కూడా అడగవు."

"ఈ బిడ్డ ఇట్లాగే ఆగితే చివరికి నీ పక్కనే తట్ట పెట్టుకుని కూర్చుంటుంది."

"కూర్చుంటే ఏంది? నేను కూర్చోలేదా? దాన్ని పది దాకా చదివించింది ఈ తట్టే గదా!"

ఆటో కదిలిపోయింది. ఆ రోజంతా ఆ మాటే మనసులో తిరిగింది. మస్తానమ్మ చెప్పింది తప్పేమీ కాదు. ఆమె ఒక్కతే ఆగితే ఆమె ఒక్కతే నష్టపోతుంది. ఆగాలంటే అందరూ ఆగాలి. ఈ పాలెంలో అందర్నీ ఒక్క మాట మీద నిలబెట్టగలిగేది దురాయి ఒక్కటే.

తెలియనివాళ్ల కోసం చెబుతాను. దురాయి అంటే ఈ తీరంలోని పాలేల్లో పెద్దలు కూర్చుని వేసే కట్టుబాటు. ఫలానా రోజు వేటకు పోకూడదు, ఫలానా వల వాడకూడదు అని వేస్తారు. మీరితే జరిమానా. నిజానికి దానిమీద నాకు సదభిప్రాయం లేదు. మగవాళ్లు కూర్చుని తేలుస్తారు, ఆడవాళ్లు దూరంగా నిలబడి వింటారు. ఆ సంగతి మీద పెద్దకాపుతో, అంటే ఆ పెద్దలకు పెద్దతో, నేను అంతకుముందే ఒకసారి గట్టిగా గొడవపడి ఉన్నాను. అయినా వెళ్లాను. రామమందిరం ముందు సిమెంటు అరుగు మీద వాళ్లు కూర్చుని ఉంటే, బడి నుంచి తెచ్చుకున్న కుర్చీ వేసుకుని ఎదురుగా కూర్చున్నాను.

ఆలోచన చెప్పాను. పొద్దున్నే పట్నం నుంచి ఐసు తెచ్చే ట్రాలీ బండి ఖాళీగా తిరిగిపోతుంది. తట్టలన్నీ అందులో పోవాలి. కాపలాకు రోజుకొకరు వంతుగా కూర్చోవాలి. తట్టలు లేకపోతే మిగతా ఆడవాళ్లందరికీ రెండో ఆటో సరిపోతుంది. మొదటి ఆటో, పెంచలయ్యది, పిల్లలకు వదలాలి.

పెద్దకాపు మీసం సవరించుకున్నాడు. "దురాయి సముద్రం మీద వేస్తాం మేడం. ఆటో మీద ఎట్టేస్తాం?"

"మీ మాట సముద్రం మీద చెల్లుతుంది, రోడ్డు మీద చెల్లదా అన్నా?"

వెనకాల ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయనకు కోపం వచ్చింది. "ఇదంతా నీ బడికి మార్కులు రావాలనే గదా? మాకు తెలీదనుకుంటుండావా?"

"నా బడికి రావాల్సిన మార్కులు జూన్‌లోనే వచ్చేసినాయన్నా. పిల్లలు చేరితే చాలు, మా లెక్క అక్కడితో అయిపోతుంది. రేపు సుగుణ మానేసినా నన్ను అడిగేవాళ్లు లేరు. నా బడికి పోయేదేమీ లేదు. పోయేదంతా ఆ పిల్లకే."

అప్పుడు దూరంగా నిలబడ్డ ఆడవాళ్లలోంచి మస్తానమ్మ గొంతు వినపడింది. ఆ చోట ఆడమనిషి గొంతు లేవడం నేను విన్న మొదటిసారి అదే.

"నా బిడ్డ గురించే గదా ఈ మాటలన్నీ. అందరూ ఒప్పుకుంటే నా తట్ట ముందుగా ఐసు బండిలో పెడతా. ఒక్కతి ఎగ్గొట్టినా సరే, మళ్లా నా తట్ట ఆటోలోకే. ఇప్పుడే చెప్తుండా."

మగవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. గుసగుసలాడుకున్నారు. గొంతులు పెంచుకున్నారు, తగ్గించుకున్నారు. చివరికి పెద్దకాపు లేచి నిలబడ్డాడు. ఇంటర్ పరీక్షలు అయ్యేదాకా పెంచలయ్య ఆటో తొలి ట్రిప్పు చదువుకునే పిల్లలది. అందులో తట్ట పెట్టినవాళ్లకు జరిమానా. దురాయి!

మొదటి రోజు పాలెం అంతా తిరునాళ్లకు వచ్చినట్టు రోడ్డు మీదకు వచ్చింది. పెంచలయ్య ఆటో కడిగి, అద్దానికి బంతిపూల దండ కట్టాడు. పిల్లలు ఎక్కుతుంటే ముసలమ్మలు బుగ్గలు నొక్కుకున్నారు. తట్టలన్నీ ట్రాలీలో పోయాయి. ఎవరి చేపకూ ఏమీ కాలేదు. రెండో రోజూ అంతే. నాకు రెండు రాత్రులూ సంతోషంతో నిద్ర పట్టలేదు.

మూడో రోజు ఐసు బండి వెళ్లిపోయాక పెద్దకాపు భార్య కామాక్షమ్మ ఆయాసపడుతూ వచ్చింది. తట్టలో పెద్ద పెద్ద వంజరం చేపలు. పట్నంలో ఎవరింట్లోనో పెళ్లికి ఇస్తానని మాటిచ్చిందట. నేరుగా వచ్చి పిల్లల ఆటోలో తట్ట పెట్టేసి, "ఈ ఒక్క పూటకేలే, జరగండి" అంది.

పెంచలయ్య ఆకాశంలో మబ్బులు వెతుక్కున్నాడు. ఎదుట రెండో ఆటోలో కూర్చున్న ఆడవాళ్లందరూ మస్తానమ్మ వైపు చూశారు. మస్తానమ్మ నా వైపు చూసింది. నోరు తెరవబోయాను. మళ్లీ పళ్లు బిగబట్టుకున్నాను. నేను మాట్లాడితే అది హెడ్‌మిస్ట్రెస్ మాట అవుతుంది. ఇక్కడ నిలవాల్సింది పాలెం మాట.

ఆటోలోంచి సుగుణ దిగింది. క్లాసులో నేను పేరు పెట్టి పిలిస్తే తప్ప లేవని పిల్ల. తట్ట రెండు చేతులా ఎత్తి, కామాక్షమ్మ కాళ్ల దగ్గర దించింది.

"ఎవరి తట్ట దించుతుండావే?"

"మీదే పెద్దమ్మా. దురాయి పెదనాయనే గదా వేసినాడు. నేను దించకపోతే రేపు మా అమ్మ తట్ట కూడా ఇందులోకే వస్తాది."

పడవ దగ్గర్నుంచి పెద్దకాపు వస్తున్నాడు. ఇక దురాయి నిలవాలన్నా, కూలాలన్నా ఆ మనిషి నోటిలో ఉంది. ఆయన తట్ట చూశాడు, భార్యను చూశాడు, సుగుణను చూశాడు.

"జరిమానా నేను కడతా. ఆ తట్ట నేనే బస్సులో తీసకపోతా. రేయ్ పెంచలయ్యా, ఏంది నిద్రపోతుండావా? బిడ్డలకు టైమవుతాంది!"

ఆటో కదిలింది. పిల్లలు కేకలు పెట్టారు. రెండో ఆటోలో ఆడవాళ్లు కొంగులు ఊపారు. నేనేం చేశానో చెప్పనా? నా వయసుకూ నా ఉద్యోగానికీ తగని పని. రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాను. కామాక్షమ్మ కూడా చివరికి నవ్వేసింది, "నీ నోరు పాడుగాను మేడమా" అని.

డిసెంబరులో కాలేజీ మ్యాథ్స్ లెక్చరర్ ఫోన్ చేశారు. "మీ సుగుణతో పడలేకపోతున్నాను మేడం. బోర్డు మీద ప్రతి మెట్టు దగ్గరా ఎందుకు సార్ అంటుంది. సిలబస్ ముందుకు కదలడం లేదు."

"హాజరు సంగతి చెప్పండి ముందు."

"అదేం మేడం, నాకంటే ముందే వచ్చి కూర్చుంటోంది."

పరీక్షలకు సుగుణ కూర్చుంది. అందరూ నిలిచారని చెప్పను. ఇద్దరు మధ్యలో మానేశారు, వాళ్ల కారణాలు వేరు. తర్వాతి రివ్యూలో, చేరినవాళ్లను సరే, నిలిచినవాళ్లను కూడా లెక్కపెట్టండి సార్ అని అడిగాను. అట్లాంటి గడి ఫారంలో లేదన్నారు. వేసేదాకా అడుగుతూనే ఉంటానన్నాను. ప్రతి రివ్యూలోనూ అడుగుతున్నాను.

సుగుణ సంగతి తర్వాత నా పని తీరు మారింది. పది పాసైన పిల్ల వచ్చి ఎదుట కూర్చుంటే, మార్కుల మెమో పక్కన పెట్టమంటాను. పొద్దున ఏ బండి ఎక్కుతావు, ఆ బండిలో ఇంకేం ఎక్కుతాయి, నువ్వు ముందు పోతే మీ ఇంట్లో ఎవరికి నష్టం? ముందు ఇవే అడుగుతాను. జవాబులు విన్నాక చాలాసార్లు నేను కలుసుకోవాల్సిన మనిషి ఆ పిల్ల కాదని తెలుస్తుంది. కుర్చీ పట్టుకుని ఆ అసలు మనిషి దగ్గరికి వెళ్తాను.