సైకిల్ డాక్టరు భార్య సైకిల్

మా బావ ప్రెస్సులో కాగితం కోసే మిషను మీద పని చేస్తాడు. వీధిలో మాత్రం ఆయన్ని సైకిల్ డాక్టరు అంటారు. ఒకసారి తోటి పనివాడెవడో బ్రేకు పట్టడం లేదని ఫోన్ చేస్తే, తింటున్నవాడు తింటున్నట్టే లేచి, ఏ నట్టు ఎటు తిప్పాలో చెప్పి బాగు చేయించాడు. ఆ నంబరు ఆ నోటా ఈ నోటా పడి ఊరంతా పాకింది. ఇక సాయంత్రమైతే చాలు, సొంతంగా రిపేరు చేసుకుందామని సైకిల్ విప్పి, మధ్యలో బిక్కమొహం వేసిన వాళ్ళంతా మా బావకే ఫోన్ చేస్తారు. ఆయన పైసా తీసుకోడు. కనీసం విసుక్కోడు కూడా.

ఫోన్ ముందు గదిలో ఉంటుంది. బావ స్టూలు మీద గోడ వైపు తిరిగి, కళ్ళు మూసుకుని కూర్చుంటాడు. సైకిల్ మనసులో కనపడాలంటే ఇల్లు కనపడకూడదట. "కంగారు పడకండి బాబూ. చైను ఉన్నది కుడివైపు. ఎడమ పెడల్ అన్నిటిలా బిగించకూడదు, దాని మర తిరగేసి ఉంటుంది. మెల్లగా కానివ్వండి. నేను లైన్లోనే ఉంటాను." ఇలా తేనె కారుతుంది నోట్లోంచి.

అదే మనిషితో మా అక్క "కుళాయి కారుతోందండీ" అంటే "ఊఁ" అంటాడు. "ఒంట్లో బాగాలేదండీ" అన్నా అదే "ఊఁ". ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అని పెద్దవాళ్ళు ఊరికే అనలేదు. నేనైతే ఆ ఫోను ఎప్పుడో నూతిలో పారేసేదాన్ని. అక్కకి ఓపిక ఎక్కువ.

అలాంటి అక్కకి ఉద్యోగం వచ్చింది. రక్తపరీక్షలు చేసే ల్యాబులో. కదలలేని రోగుల ఇళ్ళకు వెళ్ళి రక్తం తీసుకు రావాలి. పెళ్ళికి ముందు నేర్చుకున్న పని, ఇన్నేళ్ళకు అక్కరకొచ్చింది. షరతల్లా సొంత సైకిల్ ఉండాలి. సోమవారం పొద్దున ఏడింటికి సైకిల్‌తో వచ్చి కనపడకపోతే ఇంకొకరిని పెట్టుకుంటానని ల్యాబు నడిపే ఆవిడ మొహమాటం లేకుండా చెప్పేసింది.

అక్కకి సైకిల్ ఉంది. కాకపోతే ముక్కలుగా ఉంది. ఫుల్ సర్వీసు చేస్తానని బావ దాన్ని పోయిన వానాకాలానికి ముందు విప్పాడు. మళ్ళీ వానలొచ్చాయి. ఫ్రేము స్నానాలగది తలుపు వెనక ఉంది, దాని మీద తువ్వాళ్ళు ఆరేసుకుంటున్నారు. చక్రాలు మంచం కింద. బేరింగు బాల్స్ వంటింటి అరలో, కిరసనాయిలు గిన్నెలో నానుతున్నాయి. పోనీ షాపులో ఇచ్చి బిగించుకుంటానని అక్క అడిగితే ఆయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. "సైకిల్ డాక్టరు పెళ్ళాం సైకిల్ షాపుకెళితే నా పరువేం కాను?" అన్నాడు. పరువు కోసం ఆవిడ నడిచింది.

ఆదివారం మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి అక్క ఆయన ముందు నిలబడి ఉంది.

"ఏమండీ, రేపటికి నాకు సైకిల్ కావాలి."

"ఊఁ. చూద్దాంలే."

ఫోన్ మోగింది. ఆయన గోడ వైపు తిరిగాడు. ఆ ఫోన్ అయ్యాక ఇంకొకటి. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"బావా, రేపు సైకిల్ లేకపోతే అక్కకి ఉద్యోగం పోతుంది. తెలుస్తోందా?"

ఆయన రిసీవరు మీద చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగమ్మా. పాపం ఎవరో చక్రం విప్పుకుని కూర్చున్నాడు."

అక్క వెళ్ళి ఫ్రేము మీది తువ్వాళ్ళు తీసి దండెం మీద వేసింది. "ఒక చెయ్యి పట్టవే" అంది నాతో. ఇద్దరం కలిసి ఫ్రేము, చక్రాలు, చైను, పెడళ్ళు, గిన్నె, పానాల సంచి, గ్రీజు డబ్బా అన్నీ ఆయన వీపు వెనక నుంచే మోసుకుపోయాం. ఫ్రేము గుమ్మానికి తగిలి ఠంగుమంది. "మెల్లగా, మెల్లగా" అన్నాడు బావ. మాతో కాదు, ఫోన్లో మనిషితో.

మా ఇల్లు వెనక వీధిలోనే. పాత దుప్పటి పరిచి అన్నీ పోశాం. ఏది ఎక్కడిదో ఇద్దరికీ తెలియదు. అక్క కాసేపు వాటి వంక చూసి, మా ఫోను దగ్గరికి లాక్కుని నంబరు తిప్పింది. గొంతు మార్చలేదు, ముక్కు మూసుకోలేదు.

"హలో. సైకిల్ డాక్టరు గారేనా అండీ? వెనక చక్రం బిగించుకోవాలి. నాకేమీ తెలియదు."

నేను నోట్లో కొంగు కుక్కుకున్నాను.

"తెలియకపోతే ఏమైందమ్మా, చెప్తాను కదా. బాల్స్ కిరసనాయిల్లో కడిగారా?"

"చాన్నాళ్ళుగా అందులోనే ఉన్నాయండీ."

"మంచి పని చేశారు."

నేను రిసీవరు ఆమె చెవికి ఆనించి పట్టుకున్నాను. చక్రం నడిమధ్య హబ్ లోపలి గుంటలకు గ్రీజు రాయమన్నాడు. బాల్స్ అందులో ఒక్కొక్కటే అతికించమన్నాడు. ఇరుసు దూర్చి, పైన కోను అనే మర బిళ్ళ బిగించమన్నాడు. "చక్రం అటూ ఇటూ ఊగకూడదు, అలాగని పట్టేయకూడదు. రెంటికీ మధ్య ఒక చోటుంది. అది చేతికి తెలుస్తుందమ్మా. తొందరేం లేదు."

అక్క కళ్ళనిండా నీళ్ళు.

"ఏమైందే, గ్రీజు పడిందా?" అని గుసగుసగా అడిగాను.

"తొందరేం లేదన్నారు. నాతో" అంది. "ఇంత ఓపిగ్గా ఆయన నాతో మాట్లాడటం నేనెరగను."

వెనక చక్రం ఎక్కింది. అదే పద్ధతిలో ముందుదీ ఎక్కింది. చైను ఎక్కింది. పెడళ్ళు బిగించింది. చెయ్యంతా నల్లగా అయింది.

"ఇప్పుడు వెనక చక్రం లేపి, పెడల్ తిప్పుతూ ఫోన్ దగ్గర పెట్టండి. వింటాను."

పెట్టాం. పెడల్ ఒక్కో చుట్టు తిరిగినప్పుడల్లా చైను కవరు లోపల టక్కుమంటోంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు బావ. గొంతు మారింది. "అది మా ఇంటి సైకిల్. కవరుకి ఆ సొట్ట నా చేతిలోనే పడింది. మీ దగ్గరికెలా వచ్చింది?"

"నేనూ మీ ఇంటి మనిషినేనండీ" అంది అక్క. "సైకిల్‌ని ఒక్క చప్పుడు విని గుర్తుపట్టారు. నేను ఇందాకట్నుంచీ మాట్లాడుతూనే ఉన్నాను."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నేనే తల తిప్పుకున్నాను.

చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కదా. "ఎడమ పెడల్ తిరగేసే బిగించారా?" అన్నాడు. పెళ్ళాన్ని మీరు అంటున్నానన్న ధ్యాస కూడా లేదు.

"అలాగే బిగించానండీ."

"అయితే రేపటికి భయం లేదమ్మా."

సోమవారం అక్క ఏడింటిలోపే వెళ్ళి ఉద్యోగంలో చేరింది. ఇప్పటికీ ఆ సైకిల్ మీదే తిరుగుతోంది. బావ మారాడా అని అడుగుతారు మా వాళ్ళు. ఎక్కడ మారతాడు, ఇంట్లో ఎప్పట్లాగే ఉంటాడు. అందుకని అక్కకి ఆయనతో ముఖ్యమైన మాటేదైనా ఉంటే మా ఇంటికొచ్చి ఫోన్ చేస్తుంది. ఎవరో తెలిసే "చెప్పండమ్మా" అంటాడు. నేను తలుపు దగ్గరగా వేసి బయట కూర్చుంటాను. ఆమె చెప్తూ ఉంటుంది, ఆయన వింటూ ఉంటాడు.