స్తంభానికి సున్నం, ఊరికి రోడ్డు

మా చిన్నప్పుడు మా ఊళ్ళో ఇంటికో స్తంభం ఉండేది... ఇంట్లో కాదు, ఊరి బయట మిట్ట మీదున్న పాత రాతి మండపంలో. ఏటా ఉగాది ముందు ఎవరి స్తంభానికి వాళ్ళు సున్నం వేసి, అడుగున జాజుతో ఎర్రటి పట్టీ దిద్దేవాళ్ళు. వేయని ఇంటిని ఊరు వేలెత్తి చూపేది. మా స్తంభం మీద నాట్యమాడే ఆడమనిషి, ఆమె కాళ్ళ దగ్గర మద్దెల వాయించేవాడు ఉన్నారని మా నాయనమ్మ చెప్పేది. నాకు ఊహ తెలిసేసరికి అవి సున్నం పేరుకుపోయిన తెల్లటి బుడిపెలు...

డెబ్బైల నాటి మాట. మాది తిరువూరు దగ్గర పల్లె. మధ్యలో వాగు, దానికి వంతెన లేదు. నల్లరేగడి దారి... వాన పడితే బండి చక్రం కదలదు. ఆ వేసవిలో మా సుగుణక్క ఏడో తరగతి పాసైంది. ఊళ్ళో బడి అక్కడితో సరి. హైస్కూలు తిరువూరులో. ఆడపిల్లని రోజూ వాగు దాటించి పంపేది లేదని నాన్న తేల్చేశాడు. బస్సు వస్తే మాత్రం పంపుతానన్నాడు. నాన్న మాటంటే మాటే. అది అక్కకి తెలుసు.

అప్పుడే పంచాయతీ ప్రెసిడెంటు గారు ఓ కబురు తెచ్చారు. పాత కట్టడాలు చూడ్డానికి పై దేశాల వాళ్ళు వస్తున్నారట... మన మండపం వాళ్ళకి చూపించదగిందో కాదో తేల్చడానికి హైదరాబాదు నుంచి ఓ ఆఫీసరు వస్తాడట. ఆయన సరేనంటే వంతెన, తారు రోడ్డు, బస్సు...

పెద్దమనిషి వస్తుంటే గోడలు మాసినట్టే ఉంచుకుంటామా? ఉగాదికి వేసిన సున్నం ఇంకా తెల్లగానే ఉన్నా, ఊరంతా కదిలి మళ్ళీ వేశారు. అక్క మా స్తంభాన్ని ఇంకెవరినీ ముట్టుకోనివ్వలేదు. సందుల్లోకి కుంచె దూరకపోతే గుడ్డ ముంచి వేళ్ళతో అద్దింది. వేళ్ళ కొసలు పొక్కిపోయాయి... అన్నం కలుపుకోలేక అమ్మ చేత తినిపించుకుంది.

ఆఫీసరు తొలకరి పడ్డాక వచ్చాడు. వాగులో జీపు దిగబడితే మా ఎడ్లే లాగాయి. మండపంలోకి వచ్చి చుట్టూ చూశాడు. ఓ స్తంభం మీద గోరుతో సున్నం గీకాడు.

"చూడ్డానికేముందయ్యా ఇక్కడ? అంతా మీరే పాడుచేసుకున్నారు," అన్నాడు.

ప్రెసిడెంటు గారు తల దించుకున్నారు. వెనక ఆడవాళ్ళలోంచి మా అమ్మ మాట్లాడింది.

"సున్నమే కదండీ, గీకితే పోద్ది. మేమే గీకుతాం. రోడ్డు మాట చెప్పండి."

"ఇంత దూరం ఎవరొస్తారమ్మా? దారే లేదు."

"అందుకే కదండీ రోడ్డు అడిగేది."

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆఫీసరు నవ్వలేదు. పై దేశాల వాళ్ళు రావాలంటే హోటళ్ళుండాలని, కుళాయిలుండాలని, ప్రభుత్వం దగ్గరున్న డబ్బు జనం ఇప్పటికే వస్తున్న చోట పెడితేనే తిరిగొస్తుందని చెప్పాడు. తర్వాత ప్రెసిడెంటు గారింట్లో నాటుకోడి కూరతో భోజనం చేసి వెళ్ళిపోయాడు. జీపుని మళ్ళీ మా ఎడ్లే వాగు దాటించాయి.

మేం పాడుచేశామట... కప్పు కారితే గచ్చు పోసింది ఎవరు? పగుళ్ళలో మొలిచిన రావి మొక్కల్ని పీకింది ఎవరు? సున్నం వేయకూడదని అంతకు ముందు ఒక్కడైనా వచ్చి చెప్పాడా? మేం మా ఇంటి గోడకి చేసిందే దానికీ చేశాం. ఆ రాళ్ళు దేశ సంపద అంటారు, సరే. మరి వాటిని తరతరాలు కాచుకున్న ఊళ్ళో పిల్ల బడికి వెళ్ళే దారి ఆ లెక్కలోకి ఎందుకు రాదు? ఊరి వాళ్ళు నడవడానికైతే రోడ్డు అక్కర్లేదు. చూడ్డానికి ఎవరైనా వస్తేనే కావాలి... ఇదెక్కడి న్యాయమో నాకు అప్పుడూ అర్థం కాలేదు, ఇప్పుడూ కాలేదు.

హైస్కూలు తెరిచారు. అక్క మిరపనారు పీకడానికి చేలోకి వెళ్ళింది. ఏడవలేదు. పుస్తకాలు మాత్రం పక్కింటి పిల్లకి తనే ఇచ్చేసింది.

ఈ మధ్యే మా ఊరికి తారు రోడ్డు పడింది... వంతెనతో సహా. ఎవరో వచ్చి సున్నం గీకి మండపాన్ని శుభ్రం చేశారు. ఆదివారాలు బెజవాడ నుంచి కార్లు వస్తున్నాయి. స్తంభాల పక్కన నిలబడి ఫోటోలు తీసుకుంటున్నారు. బొమ్మలు బాగున్నాయంటున్నారు. నిజమే, బాగున్నాయి.

మొన్న వెళ్ళినప్పుడు అక్కా నేనూ ఆ వంతెన మీద నడిచాం. కింద వాగు నిండుగా పారుతోంది. అక్క పిట్టగోడ మీద చెయ్యి వేసి కాసేపు కిందికి చూసింది.

"మంచి రోడ్డేరా... వానాకాలం కూడా హైస్కూలుకి పోవచ్చు," అంది.



మీ ఊరికి రోడ్డు ఎప్పుడు పడింది? ఎవరి కోసం పడింది? అప్పటికి మీ ఇంట్లో ఎవరి చదువు ఆగిపోయి ఉంది?... గుర్తున్నవాళ్ళు రాయండి.