కోఫీ గారి అమ్మకు గీసిన ఊరు

1962 ఎండాకాలం. డ్యాము కడుతున్న విజయపురి సౌత్‌లో ఒక రేకుల షెడ్డు మా డ్రాయింగ్ ఆఫీసు. నేను ట్రేసర్‌ని. ఇంజనీర్లు పెన్సిలుతో గీసిన ప్లాను మీద పల్చటి గుడ్డ పరిచి ఇంకుతో మళ్ళీ గీయడం నా పని. ఆ ఇంకు ఒకసారి పడితే చెరగదు. నేనేం చెప్పినా సగం కొట్టేసి వినడం ఆఫీసులో అలవాటు. ఇందులో కొట్టేయాల్సిందేమీ లేదు.

మా డ్యాము పని చూడటానికి ఘనా దేశం నుంచి కోఫీ అనే ఇంజనీరు వచ్చాడు. వాళ్ళ దేశంలోనూ డ్యాము లేస్తోంది. దాని నీళ్ళలో వాళ్ళ ఊరు మునుగుతుంది, వేరేచోట కొత్త ఊరు కట్టిస్తారు. వాళ్ళమ్మ మాత్రం కదలనంటోందట.

"యాభై ఏళ్ళకు మా కొత్త ఊరు ఎలా ఉంటుందో గీసివ్వండి. అది చూసైనా అమ్మ కదులుతుందేమో" అన్నాడు. మర్నాడే అతని ప్రయాణం.

అప్పటికే నా నడుము విరిగిపోతోంది. అయినా గొప్పకు పోయి, గోడ మీది ఫారిన్ క్యాలెండరు చూస్తూ ముప్పై అంతస్తుల మేడలు, వాటి మధ్య ఎగిరే బస్సులు పెన్సిలుతో గీశాను.

కోఫీ కాగితం తన వైపు తిప్పుకున్నాడు. "మా దేశం వచ్చిన ప్రతి తెల్లదొరా ఇదే చూపిస్తాడు. ఇందులో మావాళ్ళెక్కడ?"

ఆఫీసుకు నీళ్ళు మోసే మరియమ్మ కుండ నింపుతూ తొంగి చూసింది. మా డ్యాములో మునుగుతుందని ఆమె ఊరు అప్పటికే ఖాళీ చేయించారు. ఊరు పోయినవాళ్ళకు కట్టిన కాలనీలో ఉంటోంది.

"ఏంది సారూ, ఇంత ఊరు గీశావు, నలుగురు కూసునే అరుగు లేదే. మా కాలనీ గీసింది గూడా నువ్వేనా ఏంది?"

"గీసింది ఇంజనీరు. నేను ఇంకు పోశానంతే."

"అరుగు లేదని నీకు అగపళ్ళేదా?"

ఇంకు పోసిన రోజే అగపడింది. ఇంజనీరుకు చెప్పే ఓపిక లేక అప్పుడు ఊరుకున్నాను.

ఆమె మాట నా వచ్చీరాని ఇంగ్లీషులో చెబితే, కోఫీ కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "బస్సు ఎగరనీండి. నడిపేది మాత్రం మా అక్క కూతురు కావాలి. మా ఊళ్ళో డోలు కొట్టి కబురు పంపుతాం, ఆ డోలు మాట కరెంటు తీగల మీద పొలాలకు చేరాలి. మధ్యలో మా వాకిలి గీయండి. పోయినవాళ్ళు, ఉన్నవాళ్ళు, ఇంకా పుట్టనివాళ్ళు, అందరిదీ ఒకటే వాకిలి. అందరికీ పీటలు వేయండి."

మేడలు చెరిపి చెరిపి కాగితం పల్చబడింది. పొద్దుగూకేసరికి పీటలు పూర్తయ్యాయి.

కొన్ని నెలలకు ఉత్తరం వచ్చింది. వాళ్ళమ్మ ఖాళీ పీటల మీద వేలు జరుపుతూ "ఇందులో నాదేది?" అని అడిగిందట. మూట కట్టుకుంటోందట.

మరియమ్మకు చదివి వినిపించాను. "ఆమె నయం సారూ. ఎట్టుండాలో అడిగి గీశారు" అని కుండ ఎత్తుకుని వెళ్ళిపోయింది.

కంటికి అగపడిన లోటు చెప్పకుండా ఇంకు పోయకూడదని ఆ రోజు తెలిసింది. అప్పటినుంచి కాలనీ ప్లాను వస్తే గుమ్మాల ముందు పెన్సిలుతో అరుగులు గీస్తున్నాను. ఓవర్సీరు రబ్బరుతో చెరిపేస్తాడు. ఆయన టీకి వెళ్ళగానే మళ్ళీ గీస్తాను.

పోయిన వారం మాత్రం ఇంకుతోనే గీశాను.