ఆరో నంబరు రేవు

తెలుగు వచ్చా అని ఎవరైనా అడిగితే, తిట్లు వచ్చు, కూరల పేర్లు వచ్చు, దేవుడి ముందు చదివేవి రెండు వచ్చు అనేది ప్రేమీ. డర్బన్ దగ్గర డార్నల్ చక్కెర మిల్లు కూలీల బారక్సులో పుట్టింది. ఊహ తెలిశాక మెరీబ్యాంక్ వచ్చి, బట్టల ఫ్యాక్టరీలో చొక్కాలకు కాలర్లు కుట్టింది. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక టైపింగ్ నేర్చుకుని, చివరికి డర్బన్‌లో ఒక టెక్నికల్ కాలేజీ కంప్యూటర్ గదిని చూసుకునే మనిషి అయింది. ఇంట్లో తల్లి అప్పలమ్మ తెలుగులో మాట్లాడేది, కూతురు ఇంగ్లీషులో జవాబిచ్చేది. అందులో వింతేమీ ఉన్నట్టు ఇద్దరికీ తోచలేదు.

తోచింది తొంభై నాలుగులో, అన్ని రంగుల వాళ్ళూ మొదటిసారి కలిసి ఓటేసిన రోజున. వరస స్కూలు గేటు దాటి, వీధి మలుపు తిరిగి, రిఫైనరీ గోడ దాకా పోయింది. అప్పలమ్మ మడత కుర్చీలో కూచుని, ఊసుపోక తన తల్లి పాడే పాట ఒకటి అందుకుంది. వెనకాల నిలబడ్డ జూలూ ముసలావిడ తల ఊపుతూ విని, "ఉతీని ఉమామా?" అంది ప్రేమీతో. మీ అమ్మ ఏమంటోంది, అని.

ప్రేమీకి అది పుట్టినప్పటి నుంచీ విన్న పాట. రాగమంతా వచ్చు. మాటలకు అర్థమే రాదు.

"నీళ్ళ గురించి, గోగో," అని, అవ్వను జూలూలో పిలుస్తూ తప్పించుకుంది.

"నీళ్ళ గురించైతే అంత దిగులెందుకూ?" అంది ముసలావిడ.

ఓటు వేసి ఇంటికొచ్చారు. దేశం మారింది, కాలేజీలో బోర్డులు మారాయి, గదిలో కూచునే పిల్లల మొహాలు మారాయి. ఆ ముసలావిడ మాట మాత్రం ప్రేమీని వదల్లేదు.

తరవాత కొన్నేళ్ళకు కాకినాడ నుంచి గిరిధరరావు వచ్చాడు. ప్రేమీ కన్నా చిన్నవాడు, కాలేజీలో కొత్త లెక్చరరు. స్కీమ్ అనే భాష నేర్పేవాడు. మనం ఒక వాక్యం టైపు చేస్తే ఇంటర్‌ప్రెటర్ అక్కడికక్కడే చదివి జవాబిచ్చే భాష అది. మొదటి రోజు "ప్రేమీ గారూ" అన్నాడు. ఆమె పగలబడి నవ్వి, తల్లి దగ్గర విన్న వచ్చీరాని తెలుగులో అంది.

"గారూ ఏంది, గారూ? నేను ఏమి మెజిస్ట్రేటా? అక్కా అను, చాలు."

"సరే, అక్కా."

క్లాసు అయ్యాక ఆమెకు కూడా పాఠం చెప్పేవాడు, సరదాకి తెలుగులో. "ఫైలు తెరిస్తే కింద సిస్టమ్ ఒక నంబరు ఇస్తుందక్కా. దాన్ని ఫైల్ డిస్క్రిప్టర్ అంటారు. ఆ నంబరు మీద స్కీమ్ ఒక పోర్టు కడుతుంది. పోర్టు అంటే మన రేవే. అక్షరాలు ఎక్కినా దిగినా ఆ రేవులోంచే."

"రేవు నాకి తెలుసు!" అంది ప్రేమీ, క్లాసులో చెయ్యెత్తే పిల్లలాగా. "డార్నల్‌లో ఉంది. మా అవ్వ బట్టలు ఉతికేది. పెద్ద బండ. నేను జారి పడ్డాను కూడా."

"అదీ రేవే. ఓడలు ఆగే చోటు కూడా రేవే. మా కాకినాడలో ఉన్నది అదే, ఇక్కడ మీ డర్బన్‌లో ఉన్నదీ అదే."

ప్రేమీ నవ్వు ఆగిపోయింది. తల్లి పాట మొదటి చరణం నెమ్మదిగా అంది.

"రేవు కాడికి వచ్చినానే, రేవులో నీరున్నాదే
నీరు దాటిన వాడు మల్లా నీరు తాగ రాలేదే."

ఇన్నాళ్ళూ ఆ పాట వింటే ఆమె కళ్ళ ముందు నిలిచేది డార్నల్ ఏటి ఒడ్డు, తడి బట్టల మూట, ఎవరో మగమనిషి మోకాలి లోతు నీళ్ళు దాటిపోవడం. ఇప్పుడా నీళ్ళు సముద్రమయ్యాయి. దాటినవాడు ఓడెక్కి చెరుకు తోటల పనికి ఇటు వచ్చాడు. ఒడ్డున నిలబడ్డ మనిషి అటే ఉండిపోయింది.

"మిగతాది, అక్కా?" అన్నాడు గిరిధరరావు.

"అమ్మకి వచ్చు. నాకి రాదు."

మిగతాది కావాలని ప్రేమీకి పట్టుదల పుట్టింది. మధ్యాహ్నం టీ వేళ ఇంటికి ఫోను చేసి, రిసీవరు భుజానికీ చెవికీ మధ్య నొక్కిపెట్టి, తల్లి చెబుతుంటే టైపు చేసేది. పాఠానికి అభ్యాసం అవుతుందని స్కీమ్‌లోనే ఒక పోర్టు తెరిచి, దానికి పి అని పేరు పెట్టింది. తెలుగు రాయడం రాదు గనక అంతా ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టింది.

"నెమ్మదిగా, అమ్మా. నా వేళ్ళు పరిగెత్తలేవు."

"కాలర్లు కుట్టినప్పుడు పరిగెత్తాయి కదే! ఉండు, కెటిల్ మొత్తుకుంటా ఉంది."

పాట పూర్తయింది. మర్నాడు ఇంకో పాట చెబుతానంది అప్పలమ్మ. మర్నాడు ప్రేమీ కొత్త ఫైలు తెరిచి, ఆ కొత్త పోర్టుకే పి అని పేరు పెట్టి, ఫోను చెయ్యబోయింది. అంతలో ఫోనే మోగింది. పక్కింటి మ్యాగీ.

"ప్రేమీ, రావే. మీ అమ్మ వంటింట్లో పడిపోయింది."

తెర మీద "తాకవద్దు" అని ఒక కాగితం అంటించి ప్రేమీ పరిగెత్తింది.

అప్పలమ్మ బతికింది. కుడి చెయ్యి లేవలేదు, మాట రాలేదు. కళ్ళు మాత్రం ఎప్పటిలాగే అన్నీ కనిపెడుతూ ఉండేవి. ఇంటికి తెచ్చుకున్నాక ప్రేమీ మంచం పక్కన కూచుని, తనకు వచ్చిన నాలుగు తెలుగు ముక్కలూ మార్చి మార్చి చెప్పేది. నీళ్ళా అమ్మా, గంజా అమ్మా, దుప్పటా అమ్మా. అటునుంచి ఒక్క తిట్టు వచ్చినా పండగ చేసుకునేదే.

సెలవు అయిపోయి కాలేజీకి వెళితే, కాగితం అలాగే ఉంది, యంత్రం నడుస్తూనే ఉంది. ఆ సాయంత్రమే యంత్రాలన్నీ ఆపి కొత్త భవనానికి తరలించబోతున్నారు. ప్రేమీ ముందుగా పాట ఫైలు తెరిచి చూసింది. మొదటి చరణాలు ఉన్నాయి. తరవాత ఒక మాట మధ్యలో విరిగిపోయింది. అంతే.

ప్రేమీ పిలిస్తే గిరిధరరావు పరుగున వచ్చాడు.

"అక్కా, ముగించాక పోర్టు మూశారా?"

"మూయడమా?"

"క్లోజ్ చెయ్యమని చెప్పాను కదా."

"నువ్వు రేవు అన్నావు, తమ్ముడూ!" ప్రేమీ తెర మీద విరిగిన మాటను వేలితో చూపించింది. "రేవుకి తలుపు ఎక్కడుంటాది? ఎవరు మూస్తారు రేవుని?"

అతను నవ్వలేదు. ఆ మాట నేర్పింది తనే.

కుర్చీ లాక్కుని విడమరిచి చెప్పాడు. రాసిన అక్షరాలు వెంటనే డిస్కు మీదికి పోవు. పోర్టు దగ్గర బఫర్ అనే సంచిలో పోగవుతాయి. సంచి నిండితేనో, పోర్టు మూస్తేనో, బయటికి తొయ్యమని మనమే చెబితేనో కదులుతాయి. పాట చివరి భాగం ఇంకా ఆ సంచిలోనే ఉంది. యంత్రం ఆపితే పోతుంది.

"అయితే తొయ్యమని చెప్పు!"

"ఎవరికి చెప్పను? పి అన్న పేరు కొత్త పోర్టుకు ఇచ్చేశారు. పాతదానికి పేరు లేదు. పేరు లేనివాటిని ఈ ఇంటర్‌ప్రెటర్ మెమరీలో చోటు చాలనప్పుడు చెత్త కింద ఊడ్చేస్తుంది, సంచితో సహా. ఈపాటికే ఊడ్చేసిందేమో తెలీదు. మనం ఏం టైపు చేసినా అది కాస్త చోటు తింటుంది."

ప్రేమీ చేతులు కీబోర్డు మీదినుంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది, నిద్రపోయే బిడ్డ పక్కన కదలడానికి భయపడ్డట్టు.

"పేరు పోయినా కింద నంబరు ఉంటాది కదా?" అంది. "నువ్వే చెప్పినావు."

"అదే ఆలోచిస్తున్నా. నంబరు చెబితే దాని మీద ఏ పోర్టులున్నాయో వెతికిచ్చే ప్రొసీజరు ఒకటి ఉంది. నంబరే తెలీదు."

"కొత్తదాన్ని అడుగు."

పి అని ఒక్క అక్షరం కొట్టాడు. జవాబులో ఏడు కనిపించింది. కొత్త ఫైలుకు ఖాళీగా ఉన్నవాటిలో అన్నిటికన్నా చిన్న నంబరు వస్తుంది. మధ్యలో ఏదీ మూయలేదు గనక పాతది ఆరు అయి ఉండాలి.

"మీరే కొట్టండక్కా. పాట మీది."

"తప్పు కొడితే?"

అయినా ఆమే కొట్టింది. ఆరో నంబరు మీదున్న పోర్టును పట్టి, ఫోర్స్-అవుట్‌పుట్ చెయ్యమని, అంతా ఒకే వాక్యంలో. కుండలీకరణాలు రెండు సార్లు వేలితో లెక్కపెట్టుకుంది. ఎంటర్ నొక్కింది. యంత్రం ఏమీ అనలేదు. తప్పు లేకపోతే అది ఏమీ అనదు.

ఫైలు మళ్ళీ తెరిచారు. విరిగిన మాట అతుక్కుంది. దాని కింద ఇంకా వరసలు, మధ్యలో తల్లి మాట కూడా, ఆ రోజు ప్రేమీ పాటో కాదో చూసుకోకుండా కొట్టేసినది: "undu, kettle mottukunta undi". ప్రేమీ ఆ వరస దగ్గర ఆగి, అరచేతిని తెరకు ఆనించింది. గిరిధరరావు లేచి వెళ్ళి కిటికీలోంచి కార్లు చూశాడు.

చివరి వరస ఇద్దరికీ అంతు పట్టలేదు. "yeru datina nadi okkati unnadi."

"ఏరు దాటినా నది ఒక్కటి ఉన్నాది, అని ఉంటుంది," అన్నాడు అతను. "ఏటి తరవాత ఇంకో నది. బావుంది కదా? కానీ ఇంగ్లీషు అక్షరాల్లో నాడి కూడా ఇంతే, నాది కూడా ఇంతే. నేను ఊహించగలను, తేల్చలేనక్కా."

ప్రేమీ కాగితం మీద ప్రింటు తీసుకుని బస్సెక్కింది.

అప్పలమ్మ గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ప్రేమీ మంచం అంచున కూచుని మొదటి నుంచి చదివింది. పాడటానికి ధైర్యం చాలలేదు. రెండో చరణానికి తల్లి ఇటు తిరిగింది. చివరి వరస వచ్చింది.

"ఏరు దాటినా నది ఒక్కటి ఉన్నాది."

అప్పలమ్మ కనుబొమలు ముడిపడ్డాయి.

"నది కాదా? నాడి? ఏరు దాటినా నాడి ఒక్కటి ఉన్నాది?"

ముడి ఇంకా బిగిసింది. ఎడమచెయ్యి లేచి, దుప్పటి మీద చిరాగ్గా కొట్టింది.

"అయ్యో, కోప్పడకు. నాది? ఏరు దాటినా నాది ఒక్కటి ఉన్నాది?"

ముడి విడిపోయింది. అప్పలమ్మ కళ్ళు మూసుకుంది. అరిగిన చేతివేళ్ళు దుప్పటి మీద విశ్రాంతిగా పరుచుకున్నాయి.

ఆ ఒక్కటి ఏమిటో పాటలో లేదు. అడిగినా చెప్పగలిగే నోరు లేదు. ప్రేమీ కాగితం మడిచి, మళ్ళీ విప్పింది. పై నుంచి మొదలుపెట్టింది. ఈసారి మొదటి వరసలోనే, తెలిసి తెలిసి, "రేవు" అనాల్సిన చోట "రావి" అని చదివి, తల్లి తప్పు దిద్దాలని ఆమె మొహంలోకి చూస్తూ కూచుంది, ఆ కనుబొమలు మళ్ళీ ముడిపడే దాకా.